బ్యాంకాక్‌లో పెద్దవాళ్లతో, అదీ శాకాహారంతో: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

జనవరిలో అమ్మానాన్నలను బ్యాంకాక్ తీసుకెళ్తున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. గ్రాండ్ ప్యాలెస్, దగ్గర్లోనే వాట్ ఫో గుడిలో ఉన్న 46 మీటర్ల శయన బుద్ధుడు, రెండూ ఎండెక్కేలోపు అవుతాయా? వాట్ అరుణ్ గుడికి నది దాటాలి. పడవ ఎక్కి దిగడం అమ్మ వల్ల అవుతుందా అని టెన్షన్‌గా ఉంది.

అసలు చిక్కంతా తిండి దగ్గరే. మేం గుడ్డు కూడా తినం. అక్కడేమో ఉత్త కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పోస్తారు. పసుపు జెండా మీద ఎర్రగా ‘జే’ అని థాయ్‌లో రాసి ఉంటే మాంసం, చేప, గుడ్డు, వెల్లుల్లి ఏవీ ఉండవని తెలుసు (వెల్లుల్లి లేకపోతే నాన్నకు ముద్ద దిగదు, అది వేరే సంగతి). ఆ కొట్లు మామూలు రోజుల్లోనూ తేలిగ్గా దొరుకుతాయా, శాకాహార పండుగప్పుడేనా? అక్కడి ‘లిటిల్ ఇండియా’ పాహురత్‌లో మన ఇడ్లీ, పెరుగన్నం పెట్టేవాళ్లున్నారా? బస సీలోమ్‌లో మారియమ్మన్ గుడి దగ్గర తీసుకుంటే తిండికీ, తిరగడానికీ వీలుగా ఉంటుందా?

చతుచక్ వారాంతపు సంత నాకిష్టమే కానీ, ఆ జనంలో వీళ్లతో కష్టమేమో. దాని బదులు సాయంత్రాలు కాసేపు కూర్చోడానికి లుంపినీ పార్కు బాగుంటుందా?