కొబ్బరి చెట్టు మీంచి పడితే ఎమ్మారై కూడా తీయించాలా?

కవిటి కొబ్బరి:
మా బావ మొన్న కాయలు దింపుతూ జారిపడ్డాడు. వయసు 46. పక్కటెముకలు అయిపోయే చోట వెన్నుపూస ఒకటి నలిగిందని సీటీలో తేలింది. కాళ్లు కదుపుతున్నాడు, ఎడమ పాదం మాత్రం తిమ్మిరి అంటున్నాడు. ఆస్పత్రిలోనే ఉన్నాం. ఎమ్మారై కూడా తీయాలంటున్నారు. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బుల సంగతి తెలుసుగా, బావకి క్రియాటినిన్ 3 దాటింది. స్కాన్‌కి ఇచ్చే ఇంజెక్షన్ కిడ్నీకి పడదని ఎవరో అన్నారు. తీయించొచ్చా?

గజపతినగరం గురుడు:
ఎముక విరిగిందని తెలిశాక మళ్లీ ఎమ్మారై ఏటండీ? నాకు 2019లో నడుం నొప్పికి తీశారు. రెండు చోట్ల డిస్క్ బల్జ్, అంటే పూసల మధ్య మెత్తటి దిండు ఉబ్బిందట, ఆపరేషన్ అన్నారు. మా ఆవిడ పుస్తెలు తప్ప బంగారమంతా బ్యాంకులో పెట్టాం. నొప్పి ఇప్పటికీ అలాగే ఉంది. అసలు నొప్పే లేని 98 మందికి తీసి చూస్తే సగానికి పైగా మందిలో బల్జ్ కనపడిందని 1994లోనే అమెరికాలో రాశారు!

నాగావళి గట్టు:
గురుడు గారూ, మీది అరుగుదల, ఆయనది దెబ్బ. రెండూ ఒకే గాటన కట్టకండి. ఎముక చూడ్డానికి సీటీయే మేలు, కాదనను. వెన్నుపాము వాచిందా, రక్తం చేరిందా, పూసల్ని పట్టి ఉంచే లిగమెంట్లు తెగాయా అన్నది ఎమ్మారైలోనే తేటగా తెలుస్తుంది. బెల్టు సరిపోతుందా, స్క్రూలు వెయ్యాలా అనేది దాన్నిబట్టే ఉంటుంది. ఆ తిమ్మిరి వల్లే అడుగుతున్నారు.

బొబ్బిలి వీణ:
ఆ డబడబ చప్పుడులో అరగంట కదలకుండా పడుకోవాలి బాబూ. నాకైతే టెన్షన్.

గజపతినగరం గురుడు:
లిగమెంటు తెగితే పూస పక్కకి జరగదా? జరిగితే సీటీలో కనపడదా? దీనికి జవాబు చెప్పండి ముందు.

నాగావళి గట్టు:
జరిగితే కనపడుతుంది. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు జరగకుండా ఉంటే?

గజపతినగరం గురుడు:
ఇలా "ఉంటే, ఉంటే" అనే నా బంగారం పోయింది. మీకేమైనా స్కాన్ సెంటరుందా?

నాగావళి గట్టు:
నేను బడిపంతుల్ని. మా నాన్న మెట్ల మీంచి పడితే ఎక్స్‌రే బాగుందన్నారు. చేతుల్లో పట్టు లేదన్నాడాయన. ఎమ్మారైకి విశాఖ వెళ్లమంటే "డబ్బు గుంజడానికే" అన్నది ఎవరో కాదు, నేనే. వయసైన వాళ్లకి మెడలో వెన్నుపాము ఉండే కాలువ ఇరుకైపోయి ఉంటే, ఎముక విరక్కుండానే వెన్నుపాము నలుగుతుందట. ఆయన చేత్తో అన్నం కలుపుకోవడం మళ్లీ నేను చూడలేదు.

గజపతినగరం గురుడు:
ఆ మాట ముందే చెప్పాల్సింది మాస్టారూ. నాకు మిషన్ మీద కోపం లేదు. నా ఒంటి మీద చెయ్యేసి చూడకుండా, రిపోర్టు ఊపుతూ కాళ్లు పడిపోతాయని భయపెట్టాడే, ఆ మనిషి మీద.

నాగావళి గట్టు:
అయితే ఎమ్మారైని తిట్టకండి.

కవిటి కొబ్బరి:
నేనడిగింది కిడ్నీ గురించి. ఒక్కరూ చెప్పలేదు.

సోంపేట సిస్టర్:
దెబ్బకి తీసే ఎమ్మారైకి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు నాయనా. ఆ గెడోలినియం మందు ఎక్కువగా ట్యూమరో ఇన్ఫెక్షనో అనుమానం ఉంటే ఇస్తారు. అయినా క్రియాటినిన్ కాగితం ముందే చూపించు. పేస్‌మేకర్ లాంటివి ఉంటే చెప్పు. మంచం మార్చేటప్పుడు భుజాలు పట్టి లేపనివ్వకు, ఒళ్లంతా ఒక్క దుంగలా తిప్పాలి. వెన్నులో నరాలు నలిగితే మూత్రం ఆగిపోవచ్చు, సరిగా వస్తోందా?

కవిటి కొబ్బరి:
నిన్న రాత్రి నించి రాలేదట. అడిగితే ఇప్పుడు చెప్పాడు, సిగ్గుపడ్డాడు.

సోంపేట సిస్టర్:
ఫోన్ పక్కన పడేసి డాక్టరు దగ్గరికి పరిగెత్తు.