రోమన్ రిపబ్లిక్‌లో సెనేట్ అంటే మన పార్లమెంటు లాంటిదేనా?

అశోక్‌నగర్_గ్రూప్1:
అన్నా, నోట్స్‌లో మూడు గళ్లు గీశాను: సెనేట్ శాసనశాఖ, కాన్సుల్ కార్యనిర్వాహక శాఖ, ప్రీటర్ న్యాయశాఖ. ట్రిబ్యూన్ (సామాన్యుల తరఫున ఎన్నికయ్యే అధికారి) ఏ గడిలోనూ ఇమడట్లేదు. అడ్డుకునేదీ అతనే, చట్టం చేయించేదీ అతనే. పైగా సెనేట్‌కు చట్టం చేసే అధికారమే లేదని ఇంకోచోట చదివాను. మరి చట్టాలు చేసిందెవరు?

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
ముందు ఆ గళ్లు చెరిపేయండి, సగం చిక్కు అక్కడే ఉంది. రోమన్లు పనులను పంచలేదు. ఒకే అధికారాన్ని పలువురి చేతుల్లో పెట్టి, ఒకరి చెయ్యి ఇంకొకరు పట్టుకునేలా చేశారు. కాన్సుళ్లు ఇద్దరు, గడువు ఏడాది. సైన్యాన్ని నడిపేదీ, సెనేట్‌ను పిలిచేదీ, బిల్లు పెట్టేదీ వాళ్లే. ఒకరు మొదలుపెట్టిన పనిని రెండోవారు వద్దంటే ఆగిపోవాల్సిందే.

సెనేట్ తీర్మానం చట్టం కాదు, కాన్సుల్‌కు ఇచ్చే సలహా. అయినా కాన్సుల్ దాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేడు. ఖజానా సొమ్ము, విదేశీ రాయబారులు సెనేట్ చేతిలోని వ్యవహారాలు. పైగా ఏడాది తిరిగేసరికి అతను వెళ్లి కూర్చోవాల్సింది ఆ సెనేటర్ల పక్కనే.

చట్టం చేసేది పౌరసభ. బిల్లును మూడు సంతల ముందే ప్రకటించాలి (వాళ్ల సంత ఎనిమిది రోజులకోసారి). ఓటింగ్ రోజున సభలో చర్చ ఉండదు, సవరణ ఉండదు, అవును లేదా కాదు అంతే. క్రీ.పూ. 131 తర్వాత చట్టాలకు రహస్య ఓటు వచ్చింది. మైనం పలక మీద 'వి' అంటే మీరు కోరినట్టే కానివ్వండి, 'ఎ' అంటే పాతదే ఉండనివ్వండి.

నారాయణగూడ_చరిత్ర:
పై సమాధానానికి ఒక్క చేర్పు, ఎందుకంటే పరీక్షల్లో చాలామంది జారేది ఇక్కడే. కాన్సుళ్లను ఎన్నుకునే సభలో లెక్క మనుషులది కాదు, సెంచురీలది (ఆస్తిని బట్టి కట్టిన ఓటు గుంపులు, గుంపుకు ఒక్క ఓటు). మొత్తం 193. గుర్రపు దళానివి 18, అందరికంటే ఆస్తిపరులైన మొదటి తరగతివి 80. రెండూ కలిస్తే 98, గెలవడానికి 97 చాలు. ఆ సంఖ్య రాగానే ఓటింగ్ ఆపేసేవారు. ఆస్తి లేనివాళ్లందరికీ కలిపి ఒక్క సెంచురీ, దాని వంతు చిట్టచివర. తర్వాతి సంస్కరణలో మొదటి తరగతిని 70కి తగ్గించారు కాబట్టి రెండో తరగతి దాకా వెళ్లక తప్పేది కాదు. పేదవాడికి అప్పుడూ ఒరిగింది తక్కువే.

అశోక్‌నగర్_గ్రూప్1:
అయితే పేదల పక్షాన ఉన్నది ట్రిబ్యూన్ ఒక్కడేనా?

చిక్కడపల్లి_రీడింగ్‌రూమ్:
ఒక్కడు కాదు, పదిమంది. వాళ్లు నడిపే ప్లెబియన్ల (సామాన్య పౌరుల) సభ తీర్మానం క్రీ.పూ. 287 నుంచి రోమన్లందరికీ చట్టమే. అక్కడ లెక్క 35 తెగలది. పేరుకు తెగలే గానీ, మన మున్సిపల్ వార్డుల్లా ప్రాంతాల వారీ విభాగాలు. నగరానికి 4, పల్లెలకు 31. ట్రిబ్యూన్ మీద చెయ్యి వేయడం మహాపాపం. అయితే ఏ పనినైనా ఆపాలంటే అతను స్వయంగా ఎదుట నిలబడి వద్దనాలి, ఆ బలం కూడా నగరం చుట్టూ ఒక మైలు వరకే.

ఈ ఏర్పాటు బెడిసికొట్టింది క్రీ.పూ. 133లో. టైబీరియస్ గ్రాకస్ భూమి బిల్లు తెస్తే తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ అడ్డుపడ్డాడు. పదవి నుంచి దించేయమని టైబీరియస్ సభనే అడిగాడు. 17 తెగలు దించేయమన్నాయి, ఇంకొక్కటి చాలు. అక్కడ ఓటింగ్ ఆపి ఆక్టేవియస్‌ను బతిమాలాడు. అతను వినలేదు, పద్దెనిమిదో ఓటు పడింది. ఆపే హక్కున్నవాణ్నే తీసేయొచ్చని ఆ రోజు తేలిపోయింది. ఆ ఏడాదే సెనేటర్లు మూక కట్టి టైబీరియస్‌ను కొట్టి చంపారు.

నారాయణగూడ_చరిత్ర:
ప్రీటర్ సంగతి మిగిలింది. సివిల్ దావాలో అతను తీర్పు చెప్పడు. 'ఫలానావాడు ఫలానావాడికి ఇంత బాకీ ఉన్నట్టు తేలితే కట్టించు, తేలకపోతే వదిలెయ్' అని ప్రశ్న కట్టి, ఒక పౌరుణ్ని విచారణకు నియమిస్తాడు. తీర్పు ఆ పౌరుడిది. అదే ప్రీటర్ అవసరమైతే సైన్యాన్నీ నడుపుతాడు. అందుకే న్యాయశాఖ గడి అతనికి సరిపోదు.

గళ్ల బదులు ఒక్కో పదవికి నాలుగు మాటలు రాసుకోండి: ఎంతమంది, ఎన్నాళ్లు, ఎవరిని పిలవగలరు, ఎవరు ఆపగలరు. క్రీ.పూ. 23లో మొదటి చక్రవర్తి ఆగస్టస్ దగ్గరికి వచ్చేసరికి తేడా మీకే కనబడుతుంది. అతను ట్రిబ్యూన్ పదవి తీసుకోలేదు, దాని అధికారం మాత్రం తీసుకున్నాడు. నాలుగో మాట దగ్గర రాయడానికి ఎవరూ ఉండరు.