బౌద్ధ పర్యాటకానికి ఇచ్చే డబ్బు ముందు ఎక్కడ ఖర్చు కావాలి? కొత్త పార్కులకా, పాత స్తూపాలకా?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు):

2019 అక్టోబరు వానలకు ఆంధ్రలో విశాఖ దగ్గరి తొట్లకొండ మహాస్తూపం కొంత భాగం కూలిపోయింది. 2022 మే నెలలో నాగార్జునసాగర్ దగ్గర తెలంగాణ వైపు 274 ఎకరాల బౌద్ధ పార్కు బుద్ధవనం ప్రారంభమైంది. రెండూ వేర్వేరు రాష్ట్రాల సంగతులు, ఒకరి నిధులు తీసి ఇంకొకరికి పెట్టారని అనడం లేదు. కానీ ప్రభుత్వాల మనసు ఎటు ఉందో అర్థమవుతోంది. శిలాఫలకం వేసి రిబ్బన్ కత్తిరించే పనైతే కదులుతుంది. వాననీరు పోవడానికి కాలువ తీయాలన్నా, రాత్రి కాపలాకు ఒక మనిషిని పెట్టాలన్నా ఫైలు కదలదు.

శాలిహుండం, బొజ్జన్నకొండ, గుంటుపల్లి, ఘంటసాల, భట్టిప్రోలు, ధూళికట్ట, నేలకొండపల్లి, ఫణిగిరి... ఇన్ని అసలు బౌద్ధ స్థలాలు ఉన్నవాళ్లం. పర్యాటక నిధుల్లో మొదటి వాటా వీటి రక్షణకే పోవాలని, ఆ తర్వాతే కొత్త కట్టడాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

యాత్రల_మనిషి:

కృష్ణాతీరం గారూ, మీ బాధ న్యాయమైనదే, కానీ దారి అది కాదు. నేను టూర్లు నడుపుతాను. ఎండలో గుట్ట ఎక్కించి ఇటుకల వరస చూపించి "ఇదే స్తూపం" అంటే, చదువుకున్నవాళ్లు కూడా నా మొహం వంక చూస్తారు. బుద్ధవనంలో అమరావతి స్తూపం నమూనా ముందు నిలబెడితే అండం (గుండ్రటి గుమ్మటం), హర్మిక (దాని పైన చదరపు పిట్టగోడ), ఆయక స్తంభాలు (నాలుగు దిక్కులా నిలిపే కంబాలు) పిల్లలకు కూడా ఇట్టే అర్థమవుతాయి.

అసలు, నకలు అని గీత గీస్తున్నారు కదా, నాగార్జునకొండను ఎటు వేస్తారు? డ్యామ్ కింద లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదా, దగ్గర్లోని అనుపులోనూ తిరిగి కట్టారు. అవేవీ మొదట ఉన్న చోట లేవు. అమరావతి శిల్పాల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. స్తూపం దగ్గర జనానికి ఏం చూపించమంటారు?

ముందు జనం రావాలండీ. పది మంది వస్తేనే ఆ ఊరివాళ్లూ పట్టించుకుంటారు, ఎమ్మెల్యే కూడా అడుగుతాడు.

గుట్టకింద_ఊరు:

ఒక్కమాట. జనం వస్తే కొండ బాగుపడుతుందనేది తొట్లకొండ విషయంలో జరగలేదు. విశాఖ నుంచి భీమిలి రోడ్డు మీద వెళ్లే ప్రతివాడూ అక్కడ ఆగుతాడు, సముద్రం బాగా కనిపిస్తుంది కాబట్టి. అయినా స్తూపం కూలింది. పైగా రద్దీ పెరిగేకొద్దీ చుట్టుపక్కల భూమి మీద కన్ను పడింది. ఆ కొండ మీద సినిమావాళ్ల క్లబ్బుకు స్థలం ఇవ్వబోతే ఎంత గొడవైందో విశాఖవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఉపాసకుడు:

నమో బుద్ధాయ, జై భీమ్.

ఇంతసేపూ టూరిస్టు గురించే మాట్లాడుతున్నారు. బుద్ధుణ్ణి నమ్మి వచ్చేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. అంబేడ్కర్ దారిలో బౌద్ధం తీసుకున్న కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. మాకు ఇవి పిక్నిక్ స్పాట్లు కావు. బుద్ధ పూర్ణిమ నాడు పిల్లాపాపలతో వచ్చి, కాసేపు కూర్చుని త్రిశరణాలు చెప్పుకుని వెళ్లాలని ఉంటుంది. పురావస్తు శాఖ కిందకు తీసుకునేనాటికి పూజ జరగని చోట కొత్తగా పూజ మొదలుపెట్టనివ్వరు. శిథిలాల రక్షణ కోసం ఆ నియమం ఉండాలి, దాన్ని మార్చమని అడగను. కానీ కట్టడానికి దూరంగా, కొండ కిందైనా ఒక ధ్యానమందిరం, తాగునీరు, బాత్‌రూములు కట్టొచ్చుగా?

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్షోత్సవం జరిపినప్పుడు ఎక్కడెక్కడి దేశాలవాళ్లూ వచ్చారు. ఎత్తయిన విగ్రహం చూద్దామని వచ్చినవాళ్లు కారు వాళ్లంతా. చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలోనే ధాన్యకటకం (ఈ అమరావతి పాత పేరు) వచ్చాడు. ఆ చోటుకున్న విలువ అది. బొజ్జన్నకొండ మీద కనుమ పండుగ నాడు బౌద్ధ శిల్పాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరే ఆచారం ఉండేది. అది ఆగడానికి ఎంతోమంది జనం మధ్య తిరిగి నచ్చజెప్పాల్సి వచ్చింది. వారసత్వం కాపాడటమంటే ఆ పని కూడా. దానికి ఏ ఎస్టిమేట్‌లోనూ పద్దు ఉండదు.

కృష్ణాతీరం:

ఉపాసకుడు గారు అడిగినది చట్టంలో సాధ్యమే. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టాలి. అది దాటితే ధ్యానమందిరమైనా, యాత్రికుల వసతైనా ఎవరూ అడ్డుచెప్పరు.

యాత్రల_మనిషి గారూ, నాగార్జునకొండ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు. అక్కడ మునిగిపోతున్నదాన్ని దక్కించుకోవడానికి పడిన తపన అది. తొట్లకొండను ఏ డ్యామూ ముంచలేదు. నమూనాలు వద్దని నేను అనలేదు, వరస మార్చమంటున్నాను. ఇంకొకటి: నాగార్జునకొండ ఆంధ్రలో, బుద్ధవనం తెలంగాణలో, మధ్యలో ఒకటే కృష్ణ. నాగార్జునకొండ శాసనాల్లో సింహళ (అంటే శ్రీలంక) విహారం ప్రస్తావన ఉంది, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం అది. అది చదివి శ్రీలంక నుంచి ఎవరైనా వస్తే ఒకే టికెట్‌తో లాంచీ ఎక్కి రెండూ చూసి వెళ్లేలా రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. దీనికి కోట్లు అక్కర్లేదు.

యాత్రల_మనిషి:

ఉమ్మడి టికెట్ మాటకు రెండు చేతులూ ఎత్తుతాను. సర్క్యూట్ల సంగతీ చెప్పాలి. కేంద్రం పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ కింద శాలిహుండం, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు కలిపి ఒక బౌద్ధ సర్క్యూట్ అన్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి పల్నాడు దాకా ఒకే యాత్రలో ఎవరు తిరుగుతారు? ఉత్తరాంధ్ర ఒకటి, కృష్ణా లోయ ఒకటిగా విడగొడితే ఒక్కోటి రెండు రోజుల్లో హాయిగా చూపించవచ్చు.

నమూనా విషయంలో మాత్రం నా మాట మారదు. ముందు ఆసక్తి పుట్టాలి.

చరిత్ర_మాస్టారు:

ఆసక్తి పుట్టడానికి నమూనా ఒక్కటే దారి కాదు. తెలంగాణలోని ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో అదే గుట్ట మీద కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఆ రెండు వార్తలకీ మా పిల్లలు అడిగిన ప్రశ్నలకు క్లాసు సరిపోలేదు. ఫణిగిరి లాంటి ప్రతి చోటా ఆ ఊరి కుర్రాళ్లకు ఇద్దరికి శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి గైడ్లుగా పెట్టండి. ఇటుకల వరస ముందు నిలబడి కథ చెప్పేవాడు ఉంటే యాత్రల_మనిషి గారి టూరిస్టులు అలా మొహం వంక చూడరు. గుట్ట మీద గడ్డపార పడినా, గోడలో నెర్రె కనిపించినా మొదట ఫోన్ చేసేదీ వాళ్లే.

గుట్టకింద_ఊరు:

మాస్టారూ, జీతం ఎవరిస్తారు? రాష్ట్ర పురావస్తు శాఖా, టూరిజం వాళ్లా? ఇది తేలకుండా పెడితే ఆరు నెలలకు కుర్రాళ్లు మానేస్తారు. పార్కింగ్, టికెట్ మీద వచ్చే డబ్బు ఆ స్థలానికే ఖర్చు పెట్టాలని ముందు జీవో తెప్పించండి.