రస్ట్‌లో తెలుగు పేరు కోస్తే ప్యానిక్ అవుతోంది, స్ట్రింగ్ తెలిసినవాళ్లు చూడండి

ప్రశ్న:
అన్నలూ, మారతహళ్లిలో మా పీజీ మెస్ లెక్కలకి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నా, నాకు నేర్చుకున్నట్టూ ఉంటుంది, ఆంటీకి చీటీల బాధా తప్పుతుంది అని. ఇంగ్లీషు పేర్లతో రెండు వారాలు బాగానే నడిచింది. ఆంటీ చదువుకోవాలని నిన్న పేర్లన్నీ తెలుగులోకి మార్చా, "రమ్య" దగ్గర ప్యానిక్ అయి, అంటే ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగి, పడిపోయింది. చీటీలో చోటు చాలక పేరులో మొదటి 4 తీసుకుంటున్నా. రమ్యలో ఉన్నవే రెండక్షరాలు కదా, లెన్ (పొడవు) అడిగితే 12 అంటోంది! ఇంకోటి, టెక్స్ట్‌కి ఉన్న రెండు రకాల్లో స్ట్రింగ్ ఎక్కడ, స్ట్ర్ ఎక్కడ పెట్టాలో తెలీక అన్నిచోట్లా క్లోన్ (నకలు) కొట్టేస్తున్నా.

జవాబు 1:
లెన్ లెక్కపెట్టేది బైట్లని తమ్ముడూ. రస్ట్ స్ట్రింగ్ ఎప్పుడూ యూటీఎఫ్-8 అనే, అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతిలోనే ఉంటుంది, ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగు గుర్తు ఒక్కోదానికి 3. రమ్య అంటే లోపల ర, మ, పొల్లు, య, నాలుగు మూళ్లు 12. ర 3 బైట్లతో అయిపోయింది, నువ్వు 4 దగ్గర కోశావు, అంటే మ మధ్యలో కత్తి పడింది. ప్యానిక్ మెసేజ్ మళ్లీ చదువు, అదే చెప్తుంది. బైట్లు కాకుండా గుర్తుల్ని ఒక్కోటిగా ఇచ్చే చార్స్ తీసుకుని, మొదటి నాలుగు చాలనే టేక్ 4 పెట్టు.

జవాబు 2:
క్లోన్ సంగతి: దాచుకోవాల్సిన చోట, అంటే స్ట్రక్ట్‌లో (వివరాలన్నీ కలిపి ఉంచే మూస), స్ట్రింగ్ పెట్టు. చదివి వదిలేసే ఫంక్షన్ స్ట్ర్ రిఫరెన్స్ (కాపీ లేకుండా చూడటానికి తీసుకునే అరువు) తీసుకుంటే చాలు, స్ట్రింగ్ ముందు యాంపర్‌సాండ్ పెట్టి పంపితే మిగతాది కంపైలర్ చూసుకుంటుంది. 64 బిట్ మెషీన్‌లో స్ట్రింగ్ అంటే పాయింటర్ (అక్షరాలున్న చోటు చూపించేది), పొడవు, కెపాసిటీ (పట్టే చోటు), మొత్తం 24 బైట్లు, అసలు అక్షరాలు హీప్ అనే వేరే మెమరీలో. స్ట్ర్ రిఫరెన్స్‌కి పాయింటర్, పొడవు రెండే, 16. నువ్వు క్లోన్ కొట్టిన ప్రతిసారీ హీప్‌లోది మొత్తం కాపీ అవుతోంది. వెక్ (పెరిగే జాబితా)కీ స్లైస్ (అందులో ముక్కని చూపించేది)కీ ఉన్న చుట్టరికం కూడా ఇదే.

జవాబు 3:
చార్స్‌తో ప్యానిక్ ఆగుతుంది గానీ పేరు పాడవుతుంది, జాగ్రత్త. "లక్ష్మి"కి టేక్ 4 పెట్టి చూడు, ల, క, పొల్లు, ష వచ్చి లెక్కల చీటీలో "లక్ష" అని పడుతుంది! వత్తులు తెగకుండా కోయడం స్టాండర్డ్ లైబ్రరీలో లేదు, యూనికోడ్-సెగ్మెంటేషన్ క్రేట్ (బయటి లైబ్రరీ) వాడాలి, అదీ కొత్త వెర్షన్, ఎందుకంటే తెలుగు వత్తుని విడగొట్టకూడదన్న నియమం 2023లో యూనికోడ్ (అన్ని లిపులకీ ఉమ్మడి ప్రమాణం) 15.1తోనే వచ్చింది.

అడిగినవాడు:
మా మెస్‌లో నిజంగానే ఒక లక్ష్మి గారున్నారు అన్నా. పేరు కోయడమే తీసేశా, పేరొక లైను, డబ్బులు కింద లైను. క్లోన్లు ఇప్పుడు ఒక్కోటీ పీకుతున్నా.