మోడల్ రైళ్లు: తయారైన దేశం చూసి కొనాలా?

హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే 1:87 నిష్పత్తిలో, ఒక ఆవిరి ఇంజన్ కొందామనుకుంటున్నాను. పెట్టె మీద దేశం పేరు చూసే నాణ్యత తేల్చేసే కలెక్టర్లు చాలామంది ఉన్నారు. నాకది సరైన పద్ధతి అనిపించడం లేదు. మోడల్ రైళ్లు తయారుచేసే మార్క్లిన్ కంపెనీకి జర్మనీలోని గోపింగెన్‌తో పాటు హంగరీలోని గ్యోర్‌లోనూ ఫ్యాక్టరీ ఉంది. అలాంటిదే మరో కంపెనీ హార్న్‌బీ 1990లలో ఉత్పత్తిని ఇంగ్లండ్‌లోని మార్గేట్ నుంచి చైనాకు మార్చాక సన్నని వివరాలు మెరుగుపడ్డాయనేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ పోతపోసినా, జింక్ మిశ్రమంలో సీసం కలిస్తే కొన్నేళ్లకు ఛాసిస్ (ఇంజన్ అడుగు చట్రం) ఉబ్బి పగిలిపోతుంది కదా!

యూరప్‌లో తయారైనవీ, చైనాలో తయారైనవీ రెండూ వాడినవాళ్లు దయచేసి చెప్పండి. చాలాకాలం నడిపాక గేర్లు, మోటారు ఎలా ఉన్నాయి? విడిభాగాలు దొరుకుతున్నాయా? పెయింట్ కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు, బండి మాత్రం నెమ్మదిగా నడిపినప్పుడు కుదుపుల్లేకుండా పోవాలి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ముందుగా ఏం పరీక్షించాలి?