హత్యకు ఉరిశిక్షను తప్పనిసరి చేయాలా?

ప్రశ్న (సైదాబాద్ నుంచి):
స్థలం తగాదాలో మా నాన్నగారిని 2008లో ఇంటి గుమ్మం ముందే పొడిచి చంపారు. కేసు ప్రాపర్టీ అని పోలీసులు తీసుకెళ్లిన ఆయన స్కూటరు తిరిగి వచ్చేనాటికి సీటు చిరిగి, నంబరు ప్లేటు తుప్పు పట్టిపోయింది. అయినా అమ్మ దాన్ని ఇప్పటికీ వాకిట్లోంచి కదలనివ్వదు. హంతకుడికి యావజ్జీవం పడింది. పదిహేనేళ్ల తర్వాత సత్ప్రవర్తన కింద విడుదలై, ఇప్పుడు మా వీధి చివర టీ కొట్టు దగ్గర కనిపిస్తున్నాడు. హత్య రుజువైతే ఉరి తప్పదని చట్టంలో రాస్తే వచ్చే నష్టమేమిటి?

జవాబు (నాంపల్లి కోర్టుల్లో న్యాయవాదిని):
మీ అమ్మగారి దుఃఖానికి నా దగ్గర సమాధానం లేదు, చట్టం సంగతి మాత్రం చెప్పగలను. యావజ్జీవ ఖైదీ మళ్లీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష వేయడానికి వీల్లేదని పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 303వ సెక్షను చెప్పేది. నేరం ఏ పరిస్థితుల్లో జరిగిందో జడ్జిని చూడనివ్వని ఆ సెక్షను రాజ్యాంగానికి విరుద్ధమని 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఐపీసీ స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షను సైతం ఉరి లేదా యావజ్జీవం అంటుందే గాని ఉరి ఒక్కటే అనదు. 2007లో విజయవాడ హాస్టల్లో జరిగిన విద్యార్థిని హత్య మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో కింది కోర్టు యావజ్జీవం వేసిన యువకుణ్ణి, ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక, 2017లో హైదరాబాద్ హైకోర్టు నిర్దోషిగా వదిలిపెట్టింది. మీరు కోరే చట్టమే ఉండి ఉంటే అతనికి మొదట పడే శిక్ష ఉరే.

జవాబు (ముషీరాబాద్ నుంచి):
లాయరు గారూ, ఉరి పడితే హైకోర్టు ధ్రువీకరించాల్సిందే కదా? దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో 2016లో పడిన ఉరిశిక్షలను హైకోర్టు 2025లో గాని ఖాయం చేయలేదు. ఇంత జల్లెడ పట్టాక కూడా అమాయకుడు చిక్కుకుంటాడా?

జవాబు (న్యాయవాది):
చిక్కుకున్నారు. మహారాష్ట్ర కేసు ఒకదానిలో ఆరుగురు సంచార జాతుల పేదలకు 2009లో సాక్షాత్తూ సుప్రీంకోర్టే ఉరి ఖరారు చేసి, పదేళ్ల తర్వాత 2019లో తానే వాళ్లు నిర్దోషులని తేల్చింది. ఈలోగా ఉరి అమలై ఉంటే ఆ రెండో తీర్పు ఎవరికి వినిపించాలి?

ప్రశ్న వేసిన వ్యక్తి:
ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "వాణ్ణి వదిలే ముందు మనల్ని ఒక్కమాటైనా ఎందుకు అడగలేదు?" అంది. ఉరి సంగతి అటుంచి, దానికి ఎవరిని నిలదీయాలో చెప్పండి.

జవాబు (న్యాయవాది):
ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. విడుదల ఉత్తర్వు కాపీ కోసం జైళ్ల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి; అందులో ఏ షరతులు విధించారో చూసి, అతను వాటిని మీరితే రద్దు కోరవచ్చు. ఉత్తర్వులోనే లోపం కనిపిస్తే దాన్ని సవాలు చేస్తూ హైకోర్టులో రిట్ పిటిషను వేయవచ్చు. కాగితాలు చేతికి రాగానే నాంపల్లికి తీసుకురండి, అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని.