కావెండిష్ 35 స్టేజీలు గెలిచాడు, టూర్ మాత్రం ఒక్కసారీ గెలవలేదు. మరి అంత పేరెందుకు?

వరంగల్_కొత్తరైడర్:
నమస్తే అండి. గత ఏడాది నుంచే సైకిల్ రోడ్ రేసింగ్ చూస్తున్నాను. మార్క్ కావెండిష్ టూర్ ద ఫ్రాన్స్‌లో 35 స్టేజీలు (అంటే ఒక్కో రోజు రేసులు) గెలిచి ఎడ్డీ మెర్క్స్ రికార్డు (34) దాటాడని చదివాను. కానీ మొత్తం టూర్ ఎప్పుడూ గెలవలేదట. "దారి పొడుగునా వేరేవాళ్ల వెనక దాక్కుని, చివరి 200 మీటర్లు తొక్కేవాడు గొప్పేంటి?" అంటాడు మా తమ్ముడు. నాకు జవాబు తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

భీమిలి_రోడ్డు:
మీ తమ్ముణ్ని కొండల స్టేజీలో టీవీ చూపించని వెనక గుంపును చూడమనండి. స్ప్రింటర్, అంటే ఆఖర్లో వేగంగా దూసుకెళ్లి గెలిచేవాడి అసలు కష్టం అక్కడుంటుంది.

టూర్ అంటే మూడు వారాలు. మొత్తం సమయం ఎవరికి తక్కువైతే వాళ్లదే టూర్, వాళ్లదే ఎల్లో జెర్సీ. అది కొండలు బాగా ఎక్కే సన్నటి మనుషుల ఆట. చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు దాటించే కండబలం కొండ మీద బరువే అవుతుంది. పైగా ప్రతి స్టేజీకీ టైమ్ లిమిట్ ఉంటుంది. గెలిచినవాడి సమయానికి ఇంత శాతం లోపల రాకపోతే ఇంటికి పంపేస్తారు. అందుకే స్ప్రింటర్లంతా గుంపు కట్టి, ఒకరికొకరు గాలి అడ్డుకుంటూ, గడియారం చూసుకుంటూ ఎక్కుతారు. ఆ గుంపును గ్రుపెట్టో అంటారు. 2018లో కావెండిష్ ఆ లిమిట్ దాటిపోయి టూర్ నుంచి బయటికి వెళ్లాడు.

ఆ తర్వాత రెండేళ్లు అతను టూర్‌లోనే లేడు. వైరస్ జబ్బు, డిప్రెషన్ రెండూ అనుభవించాడు. 2020 అక్టోబర్‌లో గెంట్-వెవెల్‌గెమ్ రేసు అయ్యాక, బహుశా ఇదే నా చివరి రేసేమోనని కెమెరా ముందే ఏడ్చాడు. తర్వాతి ఏడాది టూర్‌కు ముందు టీమ్ ప్రధాన స్ప్రింటర్ సామ్ బెనెట్‌కు మోకాలి నొప్పి వస్తే, ఆఖరి నిమిషంలో ఇతన్ని పిలిచారు. నాలుగు స్టేజీలు, పాయింట్ల పోటీలో ఇచ్చే గ్రీన్ జెర్సీ గెలిచి మెర్క్స్ సరసన నిలబడ్డాడు. ముందుండి గాలి చీల్చి అతన్ని సరైన చోట వదిలిన మిఖాయెల్ మోర్కోవ్ పేరు కూడా మీ తమ్ముడికి చెప్పండి. లీడ్‌అవుట్ మనిషి లేకుండా ఆ 200 మీటర్లు దొరకవు.

నాకు ఇతనంటే అభిమానం కలగడానికి సొంత కారణం కూడా ఉంది. 2023 జూన్‌లో మా బీచ్ రోడ్డులో ఇసుక మీద టైరు జారి నా కాలర్‌బోన్ విరిగింది. చెయ్యి స్లింగ్‌లో పెట్టుకుని ఆ ఏడాది టూర్ చూశాను. ఏడో స్టేజీలో కావెండిష్ రెండోవాడుగా వచ్చాడు. మర్నాడే పడిపోయి అతనిదీ కాలర్‌బోన్ విరిగింది. రిటైర్ అవుతానని అప్పటికే చెప్పేశాడు. అదే ముగింపు అనుకుని చాలా బాధపడ్డాను. కానీ ఇంకో ఏడాది ఆగాడు. 2024 జులై 3న సాన్-వుల్బా ఊళ్లో, 39 ఏళ్ల వయసులో 35వది గెలిచాడు.

పాతగేరు:
అన్నా, అంతా ఒప్పుకుంటాను. కానీ ఇద్దర్నీ ఒకే తక్కెడలో పెట్టొద్దు. మెర్క్స్ 34లో కొండలు, టైమ్ ట్రయల్స్ (ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజీలు) అన్నీ ఉన్నాయి. టూర్ మొత్తం అయిదుసార్లు గెలిచాడు.

భీమిలి_రోడ్డు:
నిజమే, మెర్క్స్‌కు మెర్క్సే సాటి. నేను పోలిక పెట్టట్లేదు. 2008లో మొదటి గెలుపు, 2024లో చివరిది. మధ్యలో టూర్ జరిగే జులైలు ఎన్ని విరిగిన ఎముకలతో పోయాయో చూడమంటున్నాను. 2014లో వాళ్లమ్మగారి ఊరు హారోగేట్‌లోనే, మొదటి రోజే పడి భుజం పాడుచేసుకున్నాడు.

వరంగల్_కొత్తరైడర్:
చాలా థాంక్స్ అండి. మా తమ్ముడికి చదివి వినిపించాను. ఏ స్టేజీతో మొదలుపెట్టమంటారు?

భీమిలి_రోడ్డు:
2024 మొదటి స్టేజీ, ఫ్లోరెన్స్ నుంచి రిమిని. ఆ ఎండలో కావెండిష్ వాంతులు చేసుకుంటూ, జట్టువాళ్లు చుట్టూ ఉండి లాక్కొస్తే టైమ్ లిమిట్ లోపల చేరాడు. అది చూశాక, 35వది గెలిచిన అయిదో స్టేజీ పెట్టండి. మధ్యలో నాలుగు రోజులే తేడా.